టోపీ అనకూడని పాఠం

కుప్పం,
12-8-1999

ప్రియమైన మునిలక్ష్మికి,

ఏడేళ్ల తర్వాత ఉత్తరం వస్తే ఎవరబ్బా అని కవరు అటూ ఇటూ తిప్పి చూసుకుని ఉంటావు. నేనే, నవనీతను. మదనపల్లెలో బి.ఎస్సీ. మూడేళ్లూ నీ పక్కనే కూర్చుని, నీ డబ్బాలో ఊరిబిండి పచ్చడి సగం తినేసినదాన్ని. పోయిన నెల పుంగనూరు నుంచి మా నాయన అంగడికి సరుకు కోసం వచ్చినాయన మాటల్లో నీ పేరు చెప్పాడు. “మా ఊరి పాల కేంద్రంలో పాలు పరీక్ష చేసే మునిలక్ష్మి ఉండాది సూడమ్మా, ఆయమ్మ చేతిలో చుక్క నీళ్లు కలిపినా దొరికిపోతారు” అన్నాడు. అది నువ్వేనని అప్పుడే అనుకున్నాను.

నేనిప్పుడు కుప్పంలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. తెలుగు మీడియం పిల్లలకు కొత్త పాఠాలకు పుస్తకాలు లేవు. నేనే నోట్సు రాసి జిరాక్స్ తీయించి ఇస్తున్నాను. ఆ పని మీదే నీ సాయం కావాలి.

పాఠం నీకు గుర్తుండే ఉంటుంది. జన్యువులో ఉన్న సంగతిని నకలు తీసుకుని కేంద్రకం నుంచి బయటికి మోసుకుపోయే పోగు మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. దాని మొదటి కొసను ఊరికే వదిలేస్తే, కణంలో ఉండే కొరుకుడు ఎంజైములు అక్కడ మొదలుపెట్టి మొత్తం తినేస్తాయి. అందుకని కొన్ని ప్రోటీన్లు కలిసి ఆ కొసకు ఒక రక్షణ తగిలిస్తాయి. ఇంగ్లీషులో దాన్ని క్యాప్ అన్నారు. నేను బోర్డు మీద “ఆర్.ఎన్.ఏ.కు టోపీ పెట్టుట” అని రాసి తిరిగేసరికి క్లాసంతా ఒకటే నవ్వు. వెనక నుంచి ఒకడు లేచి, “ఎవురు ఎవురికి టోపీ పెట్టినారు మేడం?” అన్నాడు. ఈ ఊళ్లో పిల్లలు సగం మంది ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడతారు. మూడు భాషల్లోనూ టోపీ వేయడమంటే మోసమేనట. ఆ రోజు పాఠం ఇక సాగలేదు.

దీనికి మంచి తెలుగు మాట ఒకటి కావాలి. నువ్వైతే వెతికి పెడతావు. మీ నాయన ఎలా ఉన్నారు? ఫైనల్ పరీక్షల్లో మూడో పేపరు సగంలో నువ్వు లేచిపోయినప్పుడు ఆయనకు జబ్బు చేసిందన్నారు. తప్పకుండా జవాబు రాయి.

నీ
నవనీత


పుంగనూరు,
30-8-1999

గౌరవనీయులైన నవనీత మేడం గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నేను క్షేమం. మా ఆయన మల్లప్ప పాల వ్యాను తోలుతాడు. నేను పొద్దునా సాయంత్రం పాల కేంద్రంలో ఉంటాను. మా నాయన మారప్ప పెద్దమండ్యం పక్క మా ఊళ్లోనే ఉన్నాడు. ఆయనకు అప్పుడూ జబ్బు లేదు, ఇప్పుడూ లేదు.

మీరు అడిగిన మాట నా దగ్గర లేదు. పాలలో వెన్న ఎంత, నీళ్లెన్ని అని చెప్పడం తప్ప నాకిప్పుడు ఇంకేమీ రాదు. మీకు పెద్ద పెద్ద నిఘంటువులు ఉంటాయి. వాటిలో చూసుకోగలరు.

ఉత్తరం ఇక్కడే ముగించి మడిచాను. మళ్లీ విప్పి రాస్తున్నాను. ఒక్క అనుమానం పీకుతోంది. ఆ రక్షణను ఎప్పుడు తగిలిస్తారు? పోగంతా తయారయ్యాకనా, తయారవుతూ ఉండగానేనా? ఎందుకడుగుతున్నానంటే, మా నాయన కిత్తనారతో తాడు పేనుతాడు. అరచేతుల మధ్య నార పేనుతూ ఉంటే తాడు తొడ కింద నుంచి వెనక్కి పోతుంది. వెనక మా అమ్మ చౌడమ్మ కూర్చుని ఉంటుంది. తాడు కొస జానెడు బయటికి రాగానే అందుకుని సన్నపోగుతో బిగించి కట్టేస్తుంది. ఆమెకు చూపు సరిగా ఆనదు. అందుకని నాయన వీపు మీద వేలాడే తుండుగుడ్డ కొంగు పట్టుకుని, దాన్నిబట్టి చెయ్యి జరిపి కొస వెతుక్కుంటుంది. నాయన పని మొదలుపెట్టేముందు తుండు తడిపి భుజాన వేసుకుంటాడు. చిన్నప్పుడు నేను ఆమెనడిగాను, కొంగు ఎందుకు తడిమి చూస్తావని. “తడిగా ఉండాదంటే పని మొదలైనట్టు. పొడిగా ఉంటే ఊరికే కూర్సోనుండాడని” అంది. తాడంతా అయ్యాక ఒకేసారి కట్టొచ్చు కదా అంటే, “అంతా అయినాక నా సేతికిస్తే ఏముంటాది? కొస పీసు లేసి విడిపోయుంటాది” అంది.

మీ పాఠంలో కూడా అట్లాగేనా అని తెలుసుకోవాలనిపించింది. అంతే.

ఇట్లు,
మునిలక్ష్మి


కుప్పం,
9-9-1999

మునీ,

నన్ను మేడం అంటావా? ఆ మాట చదివి చాలాసేపు బాధపడ్డాను. తర్వాత తాడు సంగతి చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

ఎండాకాలంలో నేను తిరుపతిలో లెక్చరర్ల శిక్షణకు పోయాను. అక్కడ ఒక ప్రొఫెసరు గారు గంటసేపు స్లయిడ్లు వేసి చెప్పిన సంగతిని మీ అమ్మ రెండు మాటల్లో చెప్పేసింది. విను. ఆర్.ఎన్.ఏ. పోగును పేనే పెద్ద ప్రోటీను ఒకటి ఉంది, పాలిమరేజ్ అంటారు. అది మీ నాయన. దానికి ఒక పొడవాటి తోక వేలాడుతూ ఉంటుంది. పని మొదలుకాగానే ఆ తోకకు ఫాస్ఫేట్లు అంటుకుంటాయి. అంటే తుండు తడిసిందన్నమాట. క్యాప్ తగిలించే ఎంజైము పొడి తోకను పట్టుకోదు. ఫాస్ఫేట్లు ఉన్న తోకనే పట్టుకుంటుంది. పట్టుకుని కూర్చుని, పోగు ఇరవై ముప్పై అక్షరాల పొడవు బయటికి రాగానే కొసకు ఒక జి అక్షరాన్ని తలకిందులుగా తగిలించేస్తుంది. ఆ వెంటనే ఇంకో ఎంజైము దానిమీద చిన్న మిథైల్ ముద్ర వేస్తుంది. పోగు ఇంకా పేనుతూ ఉండగానే ఇదంతా అయిపోతుంది. పరీక్షనాళికలో ఈ ప్రోటీన్లను విడివిడిగా చూసిన రోజుల్లో ఒకరినొకరు పట్టుకుని పనిచేస్తారని తెలీలేదు. రెండేళ్ల కిందటే తేలిందట.

నీకు ఈ పాఠం ఎప్పుడో అర్థమైపోయింది. అందుకే ఈ కవర్లో ఒక ఫారం పెట్టాను. కోప్పడకుండా చదువు. నీకు మిగిలింది జువాలజీ మూడు, నాలుగు పేపర్లే. పాత సిలబస్ వాళ్లకు వచ్చే మార్చి పరీక్షలే ఆఖరని యూనివర్సిటీ ప్రకటించింది. అది దాటితే నువ్వు పాసైన పేపర్లు కూడా లెక్కకు రావు, మూడేళ్ల చదువూ నీళ్లపాలే. సంతకం చేసి పంపు, మిగతా తిరుగుడు నేను చూసుకుంటాను.

మీ నాయనకు జబ్బు లేదని రాశావు. ఆ సంగతి కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

నవనీత


మదనపల్లె,
18-10-1999

నవనీతా,

అమ్మ కంటి ఆపరేషన్‌కు మదనపల్లె వచ్చి వారమైంది. ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడి నుంచి మన కాలేజీ రోడ్డు కనిపిస్తుంది. కలిసినప్పుడు మాట్లాడుకుందామని నువ్వు తప్పించుకుంటున్నావు కాబట్టి ఇప్పుడే చెబుతాను.

ఫైనలియర్ హాఫియర్లీ పరీక్ష. మనందరం ఇంగ్లీషులో రాయాలి. నాకు ఇంగ్లీషు మాట గుర్తు రాక ఆ ఒక్క జవాబు తెలుగులో రాశాను. “మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. కొసకు టోపీ పెట్టుదురు” అని. సారు పేపర్లు ఇచ్చే రోజు దాన్ని పైకి చదివాడు. క్లాసంతా నవ్వింది. అది నేను మరిచిపోయేదాన్ని. మేకలు తోలుకుంటూ తాళ్లు పేనుకునే ఇంటి పిల్లను, అంతకన్నా పెద్ద మాటలు పడ్డాను. మర్నాడు పొద్దున నేను క్లాసులోకి వస్తుంటే, “టోపీ మునిలక్ష్మి వచ్చిందిరో” అని ఒక గొంతు వినిపించింది. అది నీ గొంతు. ఆ పేరు పెట్టింది నువ్వు. హాస్టల్లో, బస్టాండులో, క్యాంటీన్లో అందరికీ నేను టోపీనే అయిపోయాను. నా పక్కన కూర్చుని నా డబ్బాలో తింటూనే ఆ పేరుతో పిలిచావు.

మూడో పేపరు రోజు హాల్లో నాకు బాగానే వస్తోంది. నీళ్లిచ్చే ఆయన దగ్గర గ్లాసు అందుకుంటుంటే వెనక నుంచి ఎవరో మెల్లగా “టోపీ” అన్నారు. నలుగురు కిసుక్కుమన్నారు. గ్లాసు అక్కడే దింపేశాను. పేపరు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. నాయనకు జబ్బని చెప్పింది నేనే. అట్లా చెప్పకపోతే ఆయన వచ్చి సారును అడిగి ఉండేవాడు. ఆయన అడిగితే ఇంకా నవ్వేవాళ్లు.

ఇంతా చేసి అదే మాటకు ఇంకో మాట వెతికిపెట్టమని నన్నే అడిగావు. నీకు గుర్తే లేదు చూడు, నాకు అదే ఎక్కువ కష్టంగా ఉంది.

నీ ఫారం తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు.

మునిలక్ష్మి


కుప్పం,
2-11-1999

మునిలక్ష్మికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. ఇది ఐదోది. ఎట్లా ఉన్నా దీన్ని పంపేస్తాను.

నాకు గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి. గుర్తు లేనట్టు రాశాను. బోర్డు మీద టోపీ అని రాసి క్లాసు నవ్విన రోజు నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత చేతిలో సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నలభై మంది నవ్వుతుంటే ఒక్కరు నిలబడడం ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. నేను లెక్చరర్ను, వాళ్లను కసురుకుని కూర్చోబెట్టగలను. నీకు అప్పుడు ఆ వీలు కూడా లేదు. ఆ సాయంత్రమే నీకు క్షమాపణ రాద్దామని కూర్చున్నాను. ధైర్యం చాలలేదు. మాట కావాలన్న వంకతో నీ గుమ్మం దాకా వచ్చి, నువ్వే తలుపు తీస్తావేమోనని చూశాను. మీ నాయనకు జబ్బు లేదని నువ్వు రాసినప్పుడు కూడా పక్కకు తప్పుకున్నాను. పిరికిదాన్ని.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ హాఫియర్లీలో ఆ పాఠం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంగ్లీషులో బట్టీపట్టి దించేశాను, పదికి ఎనిమిది వచ్చాయి. నీకు అర్థమైంది కాబట్టి తెలుగులో రాయగలిగావు. నీకు అర్థమైందన్న కుళ్లు నాలో ఉండింది. ఆ పేరు అందులోంచే వచ్చింది. నా తప్పు మునీ. నన్ను క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు.

పిల్లలకు పేర్లు చెప్పకుండా ఈ సంగతి క్లాసులో చెప్పాను. టోపీ ఎవరు పెట్టినారని అడిగిన పిల్లవాడు తల వంచుకుని, “ఆయమ్మ మళ్లీ పరీక్ష రాసిందా మేడం?” అని అడిగాడు. తెలీదన్నాను.

ఫారం నా బీరువాలో ఉంది. డిసెంబరు ఇరవై ఆఖరు తేదీ. ఇక ఆ సంగతి ఎత్తను. అమ్మ కన్ను ఎలా ఉందో మాత్రం రాయి.

నవనీత


పుంగనూరు,
6-12-1999

నవనీతా,

అమ్మ కన్ను బాగైంది. తాడు కొస ఇప్పుడు బాగా కనిపిస్తుంది. అయినా నాయన తుండు కొంగు వదల్లేదు. “యాలమ్మా, ఇప్పుడు కనపడతాది గదా” అంటే, “సేతికి అలవాటైపోయిండాది, పోనీ” అంటుంది.

నీ ఉత్తరం వచ్చి నెలైంది. మొదటి వారం చించేద్దామనుకున్నాను. రెండో వారం మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన అంతా విని, “తప్పు చేసినోళ్లు ఊరికే ఇంత పొడుగు రాయరు మే. ఆయమ్మకు బాగానే కాలిండాది” అన్నాడు. నీ మీద కోపం పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే అది నీకు టోపీ పెట్టడమే అవుతుంది. కొంచెం ఉంది. ఉండనీ.

ఇప్పుడు అసలు సంగతి. మా కేంద్రానికి పాలు పోసే రంగనాయకమ్మ అనే ముసలామె వయోజన విద్యలో సంతకం నేర్చుకుంది. రోజూ రిజిస్టరులో సంతకం పెట్టి నాకు చూపించి మురిసిపోతుంది. మొన్న తొందరలో ర రాసి, పైన గీత పెట్టడం మరిచిపోయింది. ర పక్కన సున్నా ఎటూ ఉంది కదా, ఇప్పుడు వరసగా రెండు సున్నాలు కనిపిస్తున్నాయి. నేను “అవ్వా, తలకట్టు పెట్టు. లేకుంటే నీ పేరును సున్నా అని చదువుతారు” అన్నాను. ఆమె కలం తీసుకుని టిక్కు పెట్టింది. నేను పాల గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

తలకట్టు, నవనీతా. మగవాళ్లు తలకు చుట్టుకునేదీ తలకట్టే, అక్షరం నెత్తిన పెట్టేదీ తలకట్టే. అది ఉంటేనే అక్షరాన్ని అక్షరంగా చదువుతారు. మన పోగుకు కూడా అది రక్షణ ఒక్కటే కాదని చదివిన గుర్తు. బయట ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు కూడా పోగును చదవడానికి ముందు ఆ కొసనే చూస్తాయి కదా? తలకట్టు లేకపోతే సరిగ్గా చదవవు. ఈ మాట వింటే ఎవరూ నవ్వరు. ఒకటో తరగతిలో అందరూ పెట్టిందే.

మాట దొరికిందని నీకు చెప్పాలని చెయ్యి పీకింది. చెప్పేశాను. ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు. ఆ సంతోషంలో ఇంకో సంగతి కూడా తెలిసింది. ఈ ఏడేళ్లూ నాకు ఆ చదువు మీద ఆశ చావలేదు. ఫారం పంపు. ఆలస్యం చేయకు, ఇరవయ్యో తేదీ ఎంతో దూరం లేదు.

మునిలక్ష్మి


కుప్పం,
10-1-2000

మునీ,

సంతకం పెట్టి నువ్వు పంపిన ఫారం గడువులోపే నేనే పోయి ఇచ్చి, ఫీజు కట్టి వచ్చాను. రసీదు ఇందులో ఉంది, భద్రం.

తలకట్టు అని బోర్డు మీద రాశాను. ఎవరూ నవ్వలేదు. ఒక పిల్ల మాత్రం, “అంటే ఆర్.ఎన్.ఏ. పెండ్లికొడుకా మేడం?” అంది. అవునన్నాను. ఆ పోలిక కూడా బాగానే కుదిరింది. ఎందుకంటే తలకట్టు కట్టగానే రెండు ప్రోటీన్లు తోడుపెళ్లికొడుకుల్లా వచ్చి దాన్ని చెరోవైపు పట్టుకుంటాయి. పోగు మధ్యలో అక్కర్లేని ముక్కలు కోసి అతికేవాళ్లకు, మొదటి ముక్క దగ్గర ఆ ఇద్దరూ సాయం చేస్తారు. తర్వాత కేంద్రకం గుమ్మం దాటించి బయట పెడతారు. బయట ఇంకో ప్రోటీను ఆ తలకట్టును అందుకుని రైబోజోమును పిలుచుకొస్తుంది. ఒకరు వదలకముందే ఇంకొకరు పట్టుకుంటారు చూడు, పరీక్షలో ఆ వరస తప్పకుండా రాయి.

ఒక్క సంగతి మాత్రం జాగ్రత్త. పేపర్లు దిద్దేవాళ్లకు మన మాట తెలీదు. వట్టి తలకట్టు అని రాస్తే మార్కులు కొట్టేస్తారేమో. క్యాప్ అనే రాయి, నష్టపోకు. తెలుగులో రాయడానికి అనుమతి ఉంది, కనుక్కున్నాను.

రెండు పేపర్ల నోట్సూ విడిగా పార్సెల్లో పంపాను. వారానికి రెండు ప్రశ్నలకు జవాబులు రాసి పంపు, దిద్ది తిప్పి పంపుతాను. నువ్వు పాలలో నీళ్లు పట్టుకున్నట్టే నేను నీ జవాబుల్లో నీళ్లు పట్టుకుంటాను.

నీ
నవనీత


మదనపల్లె,
29-3-2000

ఏమే నవనీతా,

పరీక్షలు ఈ పొద్దుతో అయిపోయాయి. బస్సుకు ఇంకా గంట ఉంది. బస్టాండులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

మొన్న మూడో పేపరు. హాల్లోకి పోతుంటే గుమ్మం దగ్గర హాలు చూసే సారొకాయన ఆపాడు. “ఏమ్మా, బిడ్డను దింపేసినావు గదా, ఇంక బయటికి పో” అన్నాడు. “రాసేది నేనే సార్” అని హాల్‌టికెట్ చూపించాను. ఆయన అద్దాలు సర్దుకుని ఫోటో చూశాడు, నా మొహం చూశాడు. లోపల పిల్లలంతా నవ్వారు. నా వయసు ముప్పై కూడా లేదు, కానీ పాల కేంద్రం ఎండలో నల్లబడి వాళ్లకు నేను ముసలిదాన్నే.

ఆ నవ్వు వింటూనే నా కాళ్లు ఆగిపోయాయి. ఇన్నేళ్లుగా భయపడింది ఆ చప్పుడుకే. ఇప్పుడు కూడా వెనక్కి తిరిగి పోతానేమోనని చూసుకున్నాను. తిరగలేదు. పోయి నా నెంబరు ముందు కూర్చున్నాను. పక్క వరస పిల్ల మెల్లగా, “అక్కా, కలం ఎక్కువుంటే ఇస్తావా?” అంది. ఇచ్చాను. ఇంక వాళ్ల పేపరు వాళ్లది, నా పేపరు నాది.

ఆరో ప్రశ్న మన పాఠమే. మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. తయారీలో ప్రోటీన్లు ఒకదానితో ఒకటి ఎట్లా పనిచేస్తాయో వివరించమన్నాడు. చదివి కిటికీలోంచి బయటికి చూశాను. నువ్వు చెప్పినట్టే క్యాప్ అని రాశాను. రాసి, దాని పక్కనే “అనగా తలకట్టు” అని రాసి అడుగున గీత కొట్టాను. మార్కులు పోతే పోనీ. తోక పట్టుకున్న దగ్గర మొదలుపెట్టి గుమ్మం దాటించే దాకా వరస తప్పకుండా రాశాను. బొమ్మ వేశాను. అదనపు కాగితాలు రెండుసార్లు అడిగితే, పొద్దున నన్ను ఆపిన సారే తెచ్చిచ్చాడు. రెండోసారి ఇచ్చేటప్పుడు నిలబడి కొంచెం చదివి పోయాడు.

ఈ రోజు నాలుగో పేపరు కూడా బాగానే పోయింది. ఫలితాలు జూన్‌లో అంటున్నారు. పాసవుతానో లేదో నాకు తెలీదు. నువ్వు న్యూస్‌పేపర్లో నా నెంబరు వెతకొద్దు. నేనే చూసుకుని నీకు రాస్తాను. ఎండాకాలం సెలవుల్లో పుంగనూరు రా. ఊరిబిండి చేసి పెడతాను, ఈసారి నీ వాటా నీకు వేరే డబ్బాలో.

మూడో పేపరు రోజు సంగతి ఇంకొకటి మిగిలింది. పోయినసారి ఆ పేపరు నేనే బల్ల మీద వదిలేసి లేచిపోయాను. ఈసారి చివరి గంట కొట్టిన తర్వాత కూడా రాస్తూనే ఉన్నాను. సారు వచ్చి, “సాలమ్మా, ఇంక ఇయ్యి” అని నా చేతిలోంచి లాక్కోవాల్సి వచ్చింది.

నీ
మునిలక్ష్మి